నాచు అయిపోయాకే అసలు పని: టక్సీడో అర్చిన్‌తో నా అనుభవం

ఉప్పునీటి ట్యాంకులో నాచు పట్టిందంటే అందరూ ముందు నత్తల్ని వేయమంటారు. మా ఇంట్లో ఆ పని టక్సీడో అర్చిన్ అనే ముళ్లబంతిలాంటి సముద్రజీవి చేస్తోంది, రెండేళ్లు దాటింది. పొట్టి ముళ్లు, మధ్యలో ముదురు నీలం పట్టీలు. పూర్తిగా పెరిగినా ఏడెనిమిది సెంటీమీటర్లే.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. రాత్రి లైట్లు ఆపేశాక బయల్దేరి రాళ్లన్నీ గీకేస్తుంది. నోరు అడుగున, అందులో ఐదు పళ్లు. పొద్దున లేచి చూస్తే గాజు మీది నాచులో అది తిరిగిన దారి నక్షత్రాకారపు గీతలుగా కనిపిస్తుంది. గాజుకేమీ కాదు, యాక్రిలిక్ ట్యాంకుకైతే గీతలు పడిపోతాయి. రాళ్ల మీద గట్టి పొరలా పెరిగే ఊదారంగు నాచు, కోరలైన్ పూతను కూడా వదలదు. ఆ రంగు కోసమే ట్యాంకు పెట్టుకున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ట్యాంకు తళతళలాడుతోందని మనం సంబరపడే రోజుల్లోనే దానికి పస్తులు మొదలవుతాయి. అందుకే ఉప్పు, మసాలా లేని నోరి షీటు (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) ఎప్పుడూ ఇంట్లో ఉంచుతాను. చిన్న ముక్క తుంచి ముళ్ల మీద ఆనిస్తే చాలు. ముళ్ల సందుల్లోంచి సన్నటి గొట్టపు కాళ్లు సాగి వచ్చి ముక్కను పట్టుకుంటాయి. ఇక పెళ్లి బంతిలో వడ్డన గిన్నెలు చేతులు మారినట్టు, ఒక కాలి నుంచి ఇంకో కాలికి అందుకుంటూ పైనున్న ముక్కను కింద నోటిదాకా చేర్చేస్తాయి. మా పిల్లలకు టీవీ కన్నా ఇదే ఇష్టం.

తిండి తర్వాత టెన్షన్ పెట్టేది ఉప్పు శాతమే. బయట నీళ్లలో ఉప్పు మారితే దాని ఒంట్లోనూ మారిపోతుంది, సర్దుకునే శక్తి దానికి లేదు. హైదరాబాద్ ఎండల్లో నీటి మీద ఫ్యాన్ తిప్పితే వేడి తగ్గుతుంది గానీ నీళ్లు ఆవిరైపోయి ఉప్పు చిక్కబడుతుంది. ఆవిరైనన్ని మంచినీళ్లు దానంతటదే నింపే ఆటో టాపప్ పెట్టాక ఆ బెంగ తీరింది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025, వేడి 25–26 డిగ్రీలు, కాల్షియం 400 పీపీఎంకు పైన ఉండేలా చూస్తాను. పెంకు, ముళ్లు తయారయ్యేది ఆ కాల్షియంతోనే మరి.

టాపప్‌కి వంటింటి ఆర్‌ఓ నీళ్లు వాడేముందు మెషీన్ మీద ఏం రాసి ఉందో చదవండి. ఈమధ్య ఆరోగ్యమంటూ నీళ్లలో కాపర్ కలిపే మోడళ్లు వస్తున్నాయి. మనకు మంచిదో కాదో గానీ అర్చిన్‌కు కాపర్ విషమే. చేపలకు తెల్లమచ్చలొస్తే ఒక షాపతను కాపర్ మందు నేరుగా ట్యాంకులో పోసేయమన్నాడు! చేపల్ని వేరే తొట్టెలోకి మార్చి అక్కడే వైద్యం చేశాను.

చిన్న చిరాకులు లేకపోలేదు. గుల్లలు, రాళ్లు, ఏది దొరికితే అది నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది. థర్మామీటర్ సెన్సర్ కనబడకపోతే ముందు దీని వీపే వెతుకుతాను. గాజుకు అతుక్కున్నప్పుడు బలంగా లాగితే కాళ్లు తెగుతాయి, నెమ్మదిగా పక్కకు జరిపి తీయాలి.

షాపుల్లో పొడవాటి నల్లముళ్ల డయడెమా అనే ఇంకో రకం అర్చిన్ కూడా చూపిస్తారు. ముళ్లు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, గుచ్చుకుంటే విషం. పిల్లలున్న ఇంట్లో నేనైతే పెట్టను. టక్సీడో కొనేటప్పుడు మాత్రం ముళ్లు నిటారుగా ఉన్నాయా, గొట్టపు కాళ్లు చురుగ్గా కదులుతున్నాయా చూడండి. ముళ్లు రాలి బోడి మచ్చలు కనిపిస్తే సగం ధరకిచ్చినా వద్దు.