హిండిల్ వేక్స్: నాటకమా, మూకీ సినిమానా?

స్టాన్లీ హౌటన్ రాయగా 1912లో తొలిసారి ప్రదర్శించిన ‘హిండిల్ వేక్స్’ నాటకం తెర లేచేసరికే కథ సగం అయిపోయి ఉంటుంది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నూలు మిల్లులో పనిచేసే ఫ్యానీ సెలవుల నుంచి ఇంటికి వస్తుంది. మిల్లు యజమాని కొడుకు అలన్‌తో గడిపి వచ్చిందన్న సంగతి అమ్మానాన్నలకు అప్పటికే తెలిసిపోయింది. ఆ తర్వాతంతా గదుల్లో వాదనలే. పెళ్లి చేసి పరువు కాపాడుకోవాలని పెద్దవాళ్ల తొందర. ఆమెను మాత్రం ఎవరూ అడగరు.

మారిస్ ఎల్వీ 1927లో తీసిన మూకీ సినిమా ఇంకోలా మొదలవుతుంది. నాటకంలో మాటల్లో మాత్రమే వినిపించే, సముద్రతీర పట్టణం బ్లాక్‌పూల్‌లోని సెలవులు ఇక్కడ కళ్లముందు జరుగుతాయి. ‘వేక్స్’ అనే సెలవుల వారానికి మిల్లు మూతపడగానే ఊరంతా రైలెక్కి సముద్రతీరానికి పోవడం, జెయింట్ రైడ్‌లు, టవర్ బాల్‌రూమ్‌లో కిక్కిరిసిన డ్యాన్స్. ఏడాదంతా మగ్గాల మధ్య నిలబడిన అమ్మాయికి ఆ వారం ఎంత విలువైనదో మాట లేకుండానే అర్థమైపోతుంది. నాకైతే సినిమా అసలు బలం ఇదే.

అయితే ఫ్యానీ పెళ్లికి ఒప్పుకోని ఘట్టంలో నాటకానిదే పైచేయి. నీకు నేను సరదా అయితే నాకూ నువ్వు అంతే అని ఆమె అలన్‌తో తేల్చి చెప్పే తీరు, ఆ వాదనలోని పదును, మూకీలో మాటల్ని తెరమీద రాసి చూపించే ఇంటర్‌టైటిల్ కార్డుల్లో పూర్తిగా పట్టదు. ఫ్యానీగా నటించిన ఎస్టెల్ బ్రోడీ ముఖం మాత్రం ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

ముందు సినిమా చూడండి, తర్వాత నాటకం చదవండి.