వైజాగ్‌లో వెయ్యి రూపాయల గడ్డం

గడ్డం గీయించుకోవడానికి వైజాగ్ వెళ్లలేదు, ముందే చెప్పేస్తున్నా. మా బావమరిది ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ కొన్నాడు, బుధవారం తెల్లవారుజామున గృహప్రవేశం. నేనూ మా ఆవిడా పిల్లాడూ సోమవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మంగళవారం పొద్దున్నే దిగాం. అప్పటికి నేను గడ్డం ముట్టుకుని పది రోజులైంది, ఊరెళ్లాక తీరిగ్గా గీసుకుందాంలే అనుకుని షేవింగ్ కిట్ హైదరాబాద్‌లో వాష్‌బేసిన్ పక్కనే వదిలేసి వచ్చాను. రూములో బ్యాగు విప్పాక సంగతి తెలిసింది. "రేపు పీటల పక్కన ఈ మొహంతోనే నిలబడతారా?" అంది మా ఆవిడ.

రూము మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. బావమరిది ఇంటినిండా చుట్టాలు, అందుకని మొదటి రెండు రాత్రులు బీచ్ రోడ్డులో ఓ హోటల్లో దిగాం, రోజుకి 5,200. సీ వ్యూ అన్నారు. బాల్కనీలోకి వెళ్లి రెయిలింగ్ పట్టుకుని ఎడమ పక్కకి మెడ చాస్తే రెండు బిల్డింగుల మధ్య నుంచి సముద్రం కనిపించే మాట నిజమే. ఆ రెయిలింగ్ ఉప్పుగాలికి జిగురుజిగురుగా ఉంది, చేతులు కడుక్కుంటే గాని పోలేదు. చెక్-ఇన్ పన్నెండింటికి, పొద్దున్నే కావాలంటే ఇంకో 800. మిగతా రెండు రాత్రులు ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గరగా ఓ మామూలు లాడ్జికి మారిపోయాం, 1,900. కిటికీ తీస్తే పక్కింటి వాటర్ ట్యాంకు తప్ప ఇంకేం కనపడదు కానీ, కింద టిఫిన్లు, ఎదురుగా ఆటోలు, గీజర్ తిప్పగానే వేడినీళ్లు. పిల్లలతో వెళ్లేవాళ్లు సముద్రం చూడాలంటే సముద్రం దగ్గరికే వెళ్లి చూడండి, మంచం మీంచి చూడాలని డబ్బులు తగలేయకండి.

సరే, గడ్డం. స్నానం చేసి జగదాంబ జంక్షన్ వైపు నడుచుకుంటూ వెళ్తే వరసగా మూడు సెలూన్లకి షట్టర్లు దించి ఉన్నాయి. మూడో దాని ముందు నిలబడ్డాక గాని వెలగలేదు, ఆ రోజు మంగళవారమని. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే, ఇంట్లో రేజర్ వచ్చాక మర్చిపోయాను. బావమరిదికి ఫోన్ చేస్తే, "బావా, ఏసీ షాపులకి మంగళవారాలూ శుక్రవారాలూ ఉండవు, ఆగు" అని సిరిపురం వైపు ఉన్న ఓ ఖరీదైన బార్బర్‌షాపులో పదకొండున్నరకి స్లాట్ బుక్ చేసేశాడు. వెనక నుంచి మా అత్తయ్యగారి గొంతు వినపడుతూనే ఉంది, "మంగళవారం గడ్డమేంటిరా, రేపు శుభకార్యం పెట్టుకుని! అల్లుడుగారికి నువ్వైనా చెప్పక్కర్లేదా?" అని. ఆవిడ మాట నేను వినలేదన్నట్టే ఉండిపోయాను.

షాపు పేరు రాయను. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి, రెండూ కలిపి ఒకరి నెత్తిన రుద్దడం ఎందుకు.

పదకొండున్నర స్లాట్‌కి కుర్చీ ఎక్కేసరికి పన్నెండు. ఆ అరగంటా సోఫాలో కూర్చోబెట్టి పాలు లేని కాఫీ ఇచ్చారు, దాన్ని మర్యాద కోసం సగం తాగాను. గోడల నిండా మీసాల ఫోటోలు, ఇంగ్లిష్ పాటలు, గంధమూ నిమ్మకాయా కలిపిన వాసన. కుర్చీ మాత్రం కుర్చీయే. బరువైన తోలు కుర్చీ, మీట నొక్కితే చప్పుడు లేకుండా వెనక్కి వాలి మనిషిని పడుకోబెట్టేస్తుంది. పడుకోబెట్టాక తిన్నగా కళ్లలోకి కొట్టే లైటు ఒకటి పెట్టారు, అది ఎవరి ఆలోచనో తెలీదు.

గడ్డం గీసే అబ్బాయికి పాతికేళ్లుంటాయి, నల్ల ఏప్రన్, చేతికి గ్లవ్స్. బట్టీ పట్టిన ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు, నా స్కిన్ టైపు ఏంటి, అలర్జీలున్నాయా అని. నేను మధ్యలో ఆపి "మీదే ఊరు బాబూ?" అన్నాను. "పలాస దగ్గర సార్" అన్నాడు, ఆ మాటతో ఇంగ్లిష్ అంతా ఏప్రన్ జేబులోకి వెళ్లిపోయింది. "ఏటి సార్, పది రోజులైపోనాదా గీసి? మెడ కింద సుడి ఉంది మీకు, ఎవలూ సెప్నేదా?" అన్నాడు. నలభై రెండేళ్లు వచ్చాయి నాకు, నా మెడ కింద వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయని అప్పుడే తెలిసింది.

ఇక్కడి నుంచి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మనం ఇచ్చే డబ్బులు ఎటు పోతున్నాయో ఇక్కడే తెలుస్తుంది. ముందు వేడి టవల్. పెట్టె లోంచి పటకారుతో తీసి, విదిలించి, తన మణికట్టు లోపలి వైపు ఒక్క క్షణం ఆనించుకున్నాడు, పసిపిల్లల పాలు చూసుకున్నట్టు. తర్వాత గడ్డం కింద నుంచి మొదలెట్టి చెంపల మీదుగా నుదురు దాకా చుట్టాడు, ముక్కు ఒక్కటే బయట. చల్లారుతుండగా ఇంకోటి, తర్వాత ఇంకోటి, మొత్తం ఐదారు నిమిషాలు. గడ్డం వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది, కత్తికి సులువుగా తెగుతుంది, దానికి రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. ఇంట్లో మనం చేసేది చన్నీళ్లు చల్లుకోవడం, నురగ పూసుకోవడం, గీకడం, కాబట్టే గరగరలూ మంటలూ. ఆ టవల్ కింద నేను నిద్రపోయాను కూడా, గురకో ఏమో గానీ నా శబ్దానికి నేనే లేచాను.

తర్వాత నాలుగు చుక్కల నూనె, ఆ పైన గిన్నెలో గిలక్కొట్టిన నురగ. బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతుంటే పడుకున్న వెంట్రుకలు లేచి నిలబడతాయి. బ్లేడు నా కళ్ల ముందే తీశాడు: కాగితం విప్పకుండానే వేళ్ల మధ్య వంచి టక్కున రెండు ముక్కలు చేసి, ఒక సగం కత్తి పిడిలోకి తోసి, మిగతా సగం చెత్త డబ్బాలో వేశాడు. ఎక్కడ గీయించుకున్నా, వెయ్యి రూపాయలైనా వీధి చివరైనా, ఈ టక్ అన్న చప్పుడు వినకుండా మొహం అప్పగించకండి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ లాంటివి ఒకళ్లకి వాడిన బ్లేడుతో ఇంకొకళ్లకి అంటుకోగలవు. ఆ అబ్బాయి వాళ్ల తాతకి ఒకే కత్తి ఉండేదట, తోలు పట్టా మీద నూరుకుంటూ ఊరందరికీ అదే. నాన్న మాత్రం షాపు నడుపుతూ పెళ్లిళ్లకి సన్నాయి వాయిస్తాడట. "నాకు ఊదడం రాలేదు సార్, బెలూన్లు ఊదడం ఒక్కటే వచ్చింది" అన్నాడు. చేయి తిరిగే దాకా ఊదిన బెలూన్‌కి నురగ పూసి గీయించేవాడట తండ్రి, పేలిన ప్రతి బెలూన్‌కీ ఒక మొట్టికాయ.

గీత మొదలైతే మాటలు ఆపేశాడు. బొటనవేలితో చర్మం పైకి లాగి పట్టుకుని, చెంప మీద నుంచి కిందకి పొట్టి పొట్టి గీతలు, ప్రతి రెండు గీతలకీ కత్తి తుడుచుకోవడం. చెవి పక్కన కత్తి దిగుతుంటే ఆ సన్నటి చరచర మనకి మాత్రమే వినపడుతుంది. పైపెదవి దగ్గర ముక్కు కొన రెండు వేళ్లతో ఎత్తినప్పుడు ఊపిరి దానంతట అదే ఆగిపోతుంది. ఒక రౌండు అయ్యాక మళ్లీ నురగ, ఈసారి అడ్డంగా. నేను ఉత్సాహం కొద్దీ "రివర్స్ కూడా కొట్టేయ్" అన్నాను. "చెంపలకైతే కొడతాను సార్, మెడకి వద్దు. సుడి ఉంది, వెంట్రుక లోపలికి మొలిసి గుల్లలొచ్చేస్తాయి" అన్నాడు. అడిగింది చేసి పంపేసేవాడి కంటే వద్దని చెప్పేవాడు నయం. ఇంత జాగ్రత్తలోనూ దవడ కింద పుట్టుమచ్చ దగ్గర చిన్నగా తెగింది. వెంటనే చెక్క డబ్బా తెరిచి, దానిమీద ఇంగ్లిష్‌లో ఏదో రాసుంది, లోపల నుంచి తెల్లటి రాయి తీసి తడిపి అద్దాడు. పటిక! మా ఊళ్లో కిరాణా కొట్లో దిష్టికి గుమ్మానికి కట్టుకోవడానికి కొనే పటికే. రక్తం ఆగింది.

ఇక తిట్లు. మొహం మీద చల్ల టవల్ వేసి, నేను నోరు తెరవలేని స్థితిలో ఉండగా, సూపర్‌వైజర్ ఎవరో వచ్చి "సార్, ట్యాన్ బాగా ఉంది, డీట్యాన్ చేద్దామా, 1,500లో అయిపోతుంది" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. చార్‌కోల్ మాస్క్ అన్నాడు. ఊపాను. హెయిర్ స్పా అన్నాడు. టవల్ తీయించి "వద్దండీ" అని గట్టిగా అంటే గాని వెళ్లలేదు. చివర్లో భుజాలు పిసికి మెడ విరవబోతే అదీ వద్దన్నాను. మెడని విసురుగా తిప్పితే మెదడుకి వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం దాకా వెళ్లే ప్రమాదం ఉంది. అరుదే కానీ, టక్కుమనే శబ్దం కోసం అంత రిస్కు నాకు అక్కర్లేదు. బిల్లులో నేను అడగని ఫేస్ ప్యాక్ 250 కనిపించింది, చూపించగానే సిస్టమ్ తప్పని తీసేశారు. సిస్టం తప్పులు ఎప్పుడూ మనవైపు పడవెందుకో. చివరికి 900, జీఎస్టీ 5 శాతం అంటే 45. 2025 సెప్టెంబర్ 22కి ముందు అయితే 18 శాతం లెక్కన 162 కట్టాల్సి వచ్చేది. పలాస అబ్బాయి చేతిలో విడిగా వంద పెట్టాను.

చెంపలు ఎలా ఉన్నాయంటే, ఆటోలో కూర్చుని నాకు నేనే నాలుగుసార్లు తడుముకున్నాను. మా పిల్లాడు చెంప ఆనించి చూసి "నాన్నా, కొత్త స్టీల్ గిన్నెలా ఉన్నావ్" అన్నాడు.

సాయంత్రం ఆర్కే బీచ్. ఇక్కడ ఒక పొరపాటు చేశాను. మురీ మిక్చర్ కొన్నాను, నిమ్మరసం దండిగా, పచ్చిమిర్చి ఇంకాస్త. కొత్తగా గీసిన పైపెదవికి ఆ నిమ్మకారం తగిలిందా, ఇక చూస్కోండి, సముద్రం వైపు తిరిగి నిలబడితే ఉప్పుగాలి, ఇటు తిరిగితే నిమ్మకాయ. బుధవారం గృహప్రవేశం భోజనాలయ్యాక రుషికొండ వెళ్లి నీళ్లలో దిగితే పుట్టుమచ్చ దగ్గర మళ్లీ చుర్రుమంది. ఊరెళ్లి ఇలాంటి షేవింగ్ చేయించుకోవాలనుకునేవాళ్లు బీచ్ అయ్యాక, సాయంత్రం పూట పెట్టుకోండి.

ఆ బీచ్‌లోనే ఉన్న కురుసుర సబ్‌మెరైన్‌కి కూడా వెళ్లాం. 91 మీటర్ల పొడవు, 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. పిల్లలు ఉన్నవాళ్లు కైలాసగిరి మానేసైనా దీన్ని చూడండి. 70 మందికి పైగా మనుషులు ఆ గొట్టంలో రోజుల తరబడి ఎలా బతికారో గైడు చూపిస్తుంటే, నేను పనికిమాలిన ప్రశ్న ఒకటి అడిగాను, లోపల గడ్డాలు ఎలా గీసుకునేవాళ్లండీ అని. ఆయన నా నున్నటి చెంపల వైపు ఓసారి చూసి, "తాగడానికే నీళ్లు లెక్కపెట్టుకునేవాళ్లం, గడ్డానికెక్కడివండీ" అన్నాడు.

గురువారానికి మళ్లీ కాస్త గరుకు తేలింది. నిజానికి అవసరం లేదు, పోలిక చూద్దామనే పూర్ణా మార్కెట్ వైపు ఓ పాత సెలూన్‌కి వెళ్లాను. రెండు కుర్చీలు, ఎదురెదురు అద్దాలు, పెద్దాయన ఒక్కడే. రేటు 80. టక్ అని బ్లేడు విరిచాడు, స్ప్రే బాటిల్‌తో చన్నీళ్లు కొట్టబోయాడు. నేను సిగ్గుపడుతూనే, మొన్న సిరిపురంలో వేడి టవల్ వేశారని చెప్పాను. "ఎంత తీసుకున్నారు బాబూ?" అన్నాడు. చెప్పాను. కత్తి పక్కన పెట్టి, నన్ను కాదు, అద్దంలో నన్ను చూశాడు. తర్వాత కుర్రాణ్ణి పిలిచి పక్కనున్న టీ కొట్టుకి వేడినీళ్ల కోసం మగ్గు ఇచ్చి పంపాడు. ఉతికిన తువ్వాలు ఒకటి అందులో ముంచి పిండి మొహాన వేశాడు. కాస్త టీ వాసన వచ్చింది గానీ, ఆ వేడి మాత్రం అదే వేడి.

రెండు రౌండ్లు గీయమంటే గీశాడు, పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. చెంపలు దాదాపు అంతే నునుపు. మెడ దగ్గర మాత్రం తేడా ఉంది, సుడి సంగతి ఆయన పట్టించుకోలేదు, నేను చెప్పే లోపే పైకి లాగేశాడు, శుక్రవారం సింహాచలంలో క్యూలో చెమట పట్టేసరికి అక్కడ నాలుగు గుల్లలు లేచాయి. గంధం వాసన ముక్కుకి తగిలినప్పుడల్లా పలాస అబ్బాయి ఆఫ్టర్‌షేవే గుర్తొచ్చింది, స్వామి క్షమించాలి. మళ్లీ వైజాగ్ వెళ్తే ఆ అబ్బాయి ఇంకా అక్కడే ఉన్నాడా అని ముందు ఫోన్ చేసి కనుక్కుంటాను, లేకపోతే పూర్ణా మార్కెట్టే.

పెద్దాయనకి వంద ఇస్తే ఇరవై చిల్లర లెక్కపెట్టి వెనక్కిచ్చాడు, ఉంచుకోమన్నా ఉంచుకోలేదు. వేడినీళ్లకి పది రూపాయలు టీ కొట్టతను వచ్చి విడిగా తీసుకున్నాడు.