ఫడ్జ్ కోసం తరిగిన పిస్తా కొంటున్నారా? జాగ్రత్త, రంగేసిన పల్లీలు అమ్ముతున్నారు

ఇంట్లో ఫడ్జ్ (చాక్లెట్, కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసే మెత్తటి స్వీట్) చేసి ఆర్డర్లు ఇచ్చేవాళ్ళు, పిల్లల కోసం చేసుకునేవాళ్ళు ఎవరైనా సరే ఒక్కసారి ఇది చదవండి ప్లీజ్. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర సన్నగా తరిగిన పిస్తా తెప్పించానండి, బయట రేటులో సగం కూడా లేదు, ఆఫర్ అన్నారు. వచ్చింది పిస్తా కాదు, పచ్చ రంగేసిన పల్లీ ముక్కలు!!

రోజ్, కాఫీ, డార్క్ చాక్లెట్ ఫ్లేవర్లతో పాటు వైట్ చాక్లెట్, కండెన్స్‌డ్ మిల్క్ వేసి పిస్తా ఫడ్జ్ కూడా చేసి, పైన ఈ ముక్కలు చల్లి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టా. పొద్దున చూస్తే ఒక్కో ముక్క చుట్టూ ఇంకు కారినట్టు పచ్చటి మరక, కొరికితే పచ్చి పల్లీ రుచి. అవే ముక్కలు డార్క్ చాక్లెట్ ట్రేలో కూడా వేశా, అందులో మాత్రం ఏమీ కనపడలేదు, వైట్ ఫడ్జ్ చేయకపోతే అసలు బయటపడేదే కాదు.

డబ్బులు పోతే పోయాయి, నా భయం అది కాదండి. రెగ్యులర్‌గా తీసుకునే ఒకావిడ వాళ్ళ బాబుకి పల్లీ ఎలర్జీ, అందుకే వాళ్ళ బాక్స్ మీద పల్లీ లేదని రాసి మరీ ఇస్తా. ఈ ఎలర్జీ గట్టిగా ఉన్నవాళ్ళకి కొంచెం లోపలికి వెళ్ళినా గొంతు వాచి ఊపిరాడకుండా అయ్యి ప్రాణం మీదకి రావచ్చు. రెండు ట్రేలూ తీసి చెత్తలో పడేశా, తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

కొన్నవాళ్ళు వాడేముందు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానేసి చూడండి, నీళ్ళు పచ్చగా మారితే రంగేసినట్టే. అసలు పిస్తా ముక్కలన్నీ ఒకే రంగులో ఉండవు, లేత పచ్చ, పసుపు కలిసి ఉంటాయి, అంచున అక్కడక్కడ ఊదారంగు పొట్టు కూడా కనిపిస్తుంది. నాకొచ్చినవి అన్నీ ఒకటే చిలకపచ్చ, విరిస్తే లోపల తెలుపు. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ గానీ, అందులో ఏముందో గానీ, తయారీ తేదీ గానీ ఏదీ లేదు, అలాంటిది ఎంత చవకైనా కొనకండి. నేనైతే ఇకనుంచి ఉప్పు లేని పిస్తా గుళ్ళు తెచ్చుకుని, వేడినీళ్ళలో రెండు నిమిషాలు వేసి పొట్టు వలిచి, బాగా ఆరాక నేనే తరుక్కుంటా, తడి ఉంటే ఫడ్జ్ పాడవుతుంది.

సెల్లర్‌ని అడిగితే తినే వస్తువుకి రిటర్న్ లేదని చాట్ క్లోజ్ చేసేశాడు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ ఇచ్చా, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా పెడుతున్నా. మీకూ ఇలాంటివి వచ్చుంటే మిగిలిన ముక్కలు, ప్యాకెట్, బిల్లు పారేయకుండా ఫొటోలు తీసి పెట్టుకోండి, కంప్లైంట్‌కి అవే కావాలి. ఆల్రెడీ ఎవరికైనా ఇచ్చేసి ఉంటే ముందు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి.