మనూకా తేనె: ఆరేళ్లు వాడాక

న్యూజిలాండ్‌లోని హామిల్టన్ వచ్చిన కొత్తలో ఓ టూరిస్టు షాపులో 'యాక్టివ్ 20+' అని ఉన్న మనూకా సీసా కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే దాని మీద మనూకా తేనె గ్రేడు చెప్పే యూఎంఎఫ్ గుర్తు లేదు, ఎంజీఓ అంకె లేదు. ఆ 20 దేని కొలతో సీసా చెప్పదు. అలా డబ్బు పోగొట్టుకున్నాకే లేబుల్ చదవడం నేర్చుకున్నాను.

మనూకా మన జామ, నేరేడు కుటుంబానికి చెందిన పొద. ఏడాదికి కొద్ది వారాలే పూస్తుంది. ఏ తేనెలోనైనా తీపి, పులుపు, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి. పెరాక్సైడ్‌ని తీసేసినా మనూకా పనిచేస్తోందని 1980లలో మా ఊరి వైకాటో యూనివర్సిటీలోనే పీటర్ మోలన్ గమనించారు. దానికి కారణం మిథైల్‌గ్లయాక్సాల్ అని తర్వాత జర్మనీలో తేలింది. ఎంజీఓ అంటే అదే, కిలో తేనెలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో ఆ లెక్క.

తికమకంతా ఇక్కడే. ఎంజీఓ 100 చూసి, యూఎంఎఫ్ 15 కంటే పెద్దదనుకుంటాం. నిజానికి యూఎంఎఫ్ 5 అంటే ఎంజీఓ 83, 10 అంటే 263, 15 అంటే 514, 20 అంటే 829. యూఎంఎఫ్ గుర్తున్న సీసా మీద లైసెన్స్ నంబర్ కూడా ఉంటుంది, చూసి కొనండి.

రుచి? తొలిసారి నచ్చదు. కాస్త చేదు, మందు వాసన. స్పూన్ వంచితే కారదు, జున్నులా ముద్దగా ఉంటుంది. గొంతు గరగరకి రాత్రి ఒక స్పూన్ వేసుకుంటే దగ్గు తగ్గి నిద్ర పడుతుంది. కానీ యూఎంఎఫ్ 5+ కీ 15+ కీ నాకు తేడా ఏమీ తెలియలేదు. మామూలు క్లోవర్ తేనె కూడా అంతే పనిచేసింది.

మనూకా విలువ తెలిసింది పుండు దగ్గరే. పోయిన దసరాకి గారెలు వేస్తుంటే నూనె చిట్లి మా ఆవిడ మణికట్టు కాలింది. క్లినిక్‌లో నర్సు పూసింది సీసాలో తేనె కాదు, గామా కిరణాలతో శుద్ధి చేసిన మెడికల్ తేనె. మొదటి అరగంట మంట మంట అంది. పట్టీ తడిసి చీర కొంగుకి జిగురు అంటేది, రెండు రోజులకోసారి మార్చాల్సి వచ్చేది. అయినా పట్టీ చర్మానికి అతుక్కోలేదు, చీము పట్టలేదు, రెండు వారాల్లో మానింది. ఇది చదివి వంటింటి సీసా మాత్రం పుండుకి పూయకండి. ఏడాదిలోపు పిల్లలకి ఏ తేనే నాకించకూడదు. నాన్నగారికి షుగర్, అందుకని ఆయనకి మనూకా కూడా బంద్. ఎంత గ్రేడున్నా అది చక్కెరే.

ఇప్పుడు నేను కొనేది 5+ మాత్రమే. తినడానికి 20+ కొనడం దండగ.

కిందటేడు అమ్మ విశాఖ నుంచి వస్తూ గిరిజన తేనె సీసా తెచ్చింది. న్యూజిలాండ్‌లోకి బయటి తేనె రానివ్వరు. ఫారంలో రాసింది కాబట్టి జరిమానా పడలేదు, సీసా మాత్రం ఎయిర్‌పోర్టులోనే తీసేసుకున్నారు. ఇంటికొచ్చి మనూకా నాలిక మీద వేసుకుని, ధర అడిగి, "ఈ చేదు తేనెకా నాన్నా అంత పోస్తున్నావు!" అంది.