డబ్బులు వెనక్కి ఇస్తామన్నా సరే, ప్యాకెట్ మాత్రం ఇచ్చేయకండి

ఆన్‌లైన్‌లో పసుపు, కారం, దాల్చినచెక్క లాంటి పొడులు కొనేవాళ్లు ఇది ఒక్కసారి చదవండి, నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

పోయిన నెల పసుపు తెప్పించాను. రంగు కళ్లు చెదిరేలా ఉంది, వాసన మాత్రం దాదాపు లేదు. అనుమానం వచ్చినా వాడేశాం. వారం తర్వాత తెలిసిందేంటంటే, ఆ పసుపు బ్యాచ్‌లు కొన్నిటిలో సీసం, అదే లెడ్, ఎక్కువగా ఉందని అధికారులు అప్పటికే రీకాల్ చేయించారట, అంటే అమ్మిన సరుకుని వెనక్కి తీసుకోమన్నారట. అదీ నేను ఆర్డర్ పెట్టడానికి పది రోజుల ముందు!

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడారు. ప్యాకెట్ పంపేయండి, డబ్బంతా వేసేస్తాం అన్నారు. పంపేశాను, రెండు రోజుల్లో డబ్బులు పడ్డాయి. తర్వాత ఫుడ్ సేఫ్టీ వాళ్లకి ఫిర్యాదు చేస్తే వాళ్లు మొట్టమొదట అడిగింది బ్యాచ్ నంబర్. నా దగ్గర బిల్లు ఉంది కానీ అందులో ఆ నంబర్ లేదు, కవర్ లేదు, చిటికెడు పొడి కూడా లేదు. నేను కొన్న ఆన్‌లైన్ పేజీలో అదే పసుపు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

పసుపుకి మెరుపు కోసం కలిపేది లెడ్ క్రోమేట్, పెయింట్లలో వాడే రంగు. నాలుకకి తెలియదు, వండితే పోదు. పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంతవరకూ ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. గ్లాసు నీళ్లలో వేసి చూసి బాగానే ఉందనుకోవద్దు, సీసం సంగతి ల్యాబ్‌లోనే తేలాలి. ఇంట్లో చిన్నపిల్లలు అలాంటిది తిని ఉంటే డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించండి. మేమూ చేయించాం, రిపోర్ట్ వచ్చేదాకా టెన్షనే.

రీకాల్ అన్నారు కదా, సరుకు మాయమైపోతుందిలే అనుకోకండి. 2023లో అమెరికాలో పిల్లల యాపిల్ గుజ్జు ప్యాకెట్లలో దాల్చినచెక్క పొడి వల్ల సీసం చేరిందని అక్టోబరు చివర్లో రీకాల్ మొదలైతే, డిసెంబరులో కూడా కొన్ని షాపుల్లో అవి ఉన్నాయని అక్కడ ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏనే చెప్పింది. గట్టిగా పట్టుకుంటే మాత్రం ఫలితం ఉంటుంది. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. జనానికి చెప్పారు, మార్కెట్లోనే మెషీన్ పెట్టి పరీక్షించి, దొరికినవాళ్లకి జరిమానా వేశారు. 2021కల్లా అది సున్నాకి వచ్చింది. చేతిలో సరుకు ఉంది కాబట్టే పట్టుకోగలిగారు, నేను పోగొట్టుకున్నది సరిగ్గా అదే.

అందుకే పొడి డబ్బాలో పోసుకున్నా కవర్ పారేయకండి, బ్యాచ్ నంబర్, తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. అనుమానం వస్తే ముందు ఫిర్యాదు, రీఫండ్ సంగతి తర్వాత.

నిన్న అదే పేజీలో ఇంకో ప్యాకెట్ ఆర్డర్ పెట్టాను. రాగానే విప్పకుండా తీసుకెళ్లి అధికారుల చేతికిస్తాను.