కోప్లాండ్ మూడో సింఫనీ, బెర్న్‌స్టయిన్ రికార్డింగు: ఫ్యాన్ ఆపి వినండి

అమెరికన్ స్వరకర్త ఏరన్ కోప్లాండ్ మూడో సింఫనీకి (పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన కృతి) రికార్డింగులు చాలానే ఉన్నాయి. మొదటిసారి వినేవాళ్లకు మాత్రం న్యూయార్క్ ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రాతో కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టయిన్ 1985లో డాయిచే గ్రామఫోన్ కంపెనీకి చేసిన లైవ్ రికార్డింగే మా మాట. నాలుగు భాగాలు, మొత్తం 40 నిమిషాల పైనే. 1946 అక్టోబరు 18న బోస్టన్‌లో కండక్టర్ కుసెవిట్‌స్కీ ఆధ్వర్యంలో దీని తొలి ప్రదర్శన జరిగింది.

చాలామంది నేరుగా నాలుగో భాగానికి దూకుతారు. కోప్లాండ్ 1942లో రాసిన ‘ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది కామన్ మ్యాన్’ (ఫ్యాన్‌ఫేర్ అంటే బాకాలతో చేసే స్వాగత ఘోష లాంటి చిన్న కృతి) అక్కడ ఉంది మరి. దూకితే సగం పోయినట్టే. ఆ ఫ్యాన్‌ఫేర్ ముందు ఫ్లూట్లు, క్లారినెట్లలో ఎ ఫ్లాట్‌లో, అంటే మన ఐదున్నర శ్రుతిలో, గుసగుసలా వస్తుంది. ఉన్నట్టుండి ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు ఒకటో శ్రుతిలో విరుచుకుపడతాయి. దాని ముందున్న మూడో భాగపు నిశ్శబ్దం చెవిలో ఉంటేనే ఆ దెబ్బ తగులుతుంది. పైగా మూడు, నాలుగు భాగాల మధ్య విరామం లేదు. యాప్‌లో గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా చేసేది) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకు చివరను తర్వాతి దాని మొదలుతో కలిపేసేది) సున్నాకు తెచ్చి, షఫుల్ ఆపండి.

మహతి ఆడిటోరియంలో కచేరీలు వినే చెవికి మొదట్లో కాస్త తికమకే. తంబురా ఉండదు, ఆధార షడ్జమే చోటు మారుతూ ఉంటుంది. రాగం వెతక్కండి. మొదటి భాగంలోని మూడు ఎత్తుగడలు (థీమ్‌లు, అంటే ముఖ్యమైన బాణీలు) పట్టుకోండి: మొదటిది తంత్రీ వాద్యాలది, రెండోది ఓబోలు (సన్నాయి లాంటివి), వయోలాలది (కాస్త పెద్ద వయొలిన్లు), మూడోది ట్రాంబోన్లు, హార్న్‌లు అనే ఇత్తడి వాద్యాలది. మూడోదే మూడో భాగం ఆరంభంలో పై స్థాయి వయొలిన్లలో సన్నగా, మారువేషంలో తిరిగొస్తుంది. మొదటిది సింఫనీ చివర్లో మళ్లీ పలకరిస్తుంది. జానపదాన్ని తలపించే చోట్లున్నా, అలాంటి బాణీ ఏదీ వాడలేదని కోప్లాండే చెప్పాడు.

ఆ సన్నని వయొలిన్లు సీలింగ్ ఫ్యాన్ రొదలో కలిసిపోతాయి. తిరుపతి మే ఎండల్లో ఫ్యాన్ ఆపమనడం అన్యాయమే. తెల్లవారుజామున వినండి, లేదా చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ పెట్టుకోండి. వాల్యూమ్ మాత్రం మొదటి భాగం ఆరంభంలో సరిచూడొద్దు. అక్కడ నెమ్మదిగా ఉందని పెంచితే నాలుగో భాగంలో చెవులు పగులుతాయి. ముందు ఇత్తడి వాద్యాలు మోగే చోట సరిచేసి, తర్వాత మొదటికి రండి. అరచేతంత బ్లూటూత్ స్పీకర్‌లో బాస్ డ్రమ్ ‘టక్’ మంటుంది, అంతే.

లోపాలు లేవని కాదు. బెర్న్‌స్టయిన్ చివరి భాగాన్ని మరీ సాగదీసి బరువెక్కిస్తాడు. ముగింపులో కొన్ని బార్లు (తాళపు ఆవర్తాల లాంటివి) కోసేసింది కూడా ఆయనే; కోప్లాండ్ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ కోత లేని రికార్డింగులూ ఇప్పుడు దొరుకుతున్నాయి, రెండోసారి వినడానికి అవి పెట్టుకోండి.