డాక్టరమ్మకి ఐదు స్టార్లు, బయట హాలుకి ఒకటి, మొత్తం మీద మూడు

తిరుపతిలో ఒక ప్రైవేట్ లేడీస్ హాస్పిటల్ గురించి రాస్తున్నా. పేరు పెట్టను, పెడితే మా ఆడబిడ్డ ఎవరో గుర్తుపట్టేవాళ్ళు ఉంటారు, ఆ పిల్ల సరే వదినా అన్నాకే ఈ మాత్రమైనా రాస్తున్నా. డిగ్రీ చదువుతా ఉంది, పొత్తికడుపులో నొప్పి, పీరియడ్స్ కూడా ముందూ వెనకా అవుతా ఉంటే నేనూ మా అత్తమ్మా తీసుకుపోయినాం.

ముందు డాక్టరమ్మ గురించి. లోపలికి పోయినాక రెండు మాటలు మాట్లాడి "మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండమ్మా, పాపతో నేను మాట్లాడతా" అనింది. అత్తమ్మకి కోపం వచ్చేసింది, తల్లికి తెలీకుండా పిల్లతో మాట్లాడేది ఏముంటాది అని. ఆమె ఏమాత్రం విసుక్కోకుండా "ఈ వయసు పిల్లలు ఎవరొచ్చినా ఇట్లే చేస్తానమ్మా" అని నచ్చజెప్పి, నర్సును మాత్రం లోపల పెట్టుకుని తలుపేసింది. పిల్ల ఏం చెప్పిందో నేను అడగలేదు, అడగను కూడా. డాక్టరమ్మ ఏం అడిగిందో మాత్రం తనే చెప్పింది. లాస్ట్ పీరియడ్ ఏ తేదీ, ఎవరితో అయినా రిలేషన్‌లో ఉన్నావా, గర్భం వచ్చే అవకాశం ఏమైనా ఉందా, సిగరెట్ మందు అలవాటుందా, పీరియడ్స్ వాయిదా వేసే టాబ్లెట్లు ఎప్పుడైనా వేసుకున్నావా అని. మొదట సిగ్గేసిందంట, ఇవన్నీ ఎందుకు మేడమ్ అని అడిగితే ఒక్కోదానికీ కారణం చెప్పిందంట, అదే నాకు బాగా నచ్చింది. వయసులో ఉండే ఆడపిల్ల కడుపునొప్పి అని వస్తే, గర్భసంచిలో కాకుండా ట్యూబులో గర్భం నిలిచిందేమో అనేది ముందు తేల్చుకోవాల, అది పగిలితే లోపలే రక్తం పోయి ప్రాణం మీదికి వస్తుంది, పెళ్ళి కాలేదు కదా అని అడక్కుండా వదిలేస్తే ఆ పాపం ఎవరిది. ఇంక వాయిదా టాబ్లెట్ల సంగతి మన ఊర్లో అందరికీ తెలిసిందే, కొండకు పోవాలన్నా ఇంట్లో వ్రతమన్నా పెళ్ళన్నా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకుంటాం, డాక్టరు దగ్గర చెప్పం. అవి వేసుకుంటే తేదీలన్నీ మారిపోతాయి, మానేసినాక బ్లీడింగ్ కూడా తేడాగా రావచ్చు, ఆ సంగతి తెలీకుండా ఆమె లెక్క ఎట్లా వేస్తుంది?

మగవాళ్ళకీ ఇంతే. గుండెనొప్పితో పోతే వయాగ్రా లాంటివి వాడినారా అని అడుగుతారు, అది వేసుకుని ఉన్నప్పుడు నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ ఇస్తే బీపీ దబ్బున పడిపోతుంది కాబట్టి. కొడుకు పక్కనే నిలబడి ఉంటే ఏ తండ్రి నిజం చెప్తాడు చెప్పండి.

ఇప్పుడు బయట సంగతి. తిరుపతిలో ఏ హాస్పిటల్ హాల్లో కూర్చున్నా తెలిసినవాళ్ళు ఒకరైనా తగుల్తారు, పాకాల, పుత్తూరు, పీలేరు, కాళహస్తి అందరూ ఇక్కడికే కదా వచ్చేది. ఆ హాలు మధ్యలో ఒక టేబుల్ వేసి బీపీ, బరువు చూసే అమ్మాయి "పెళ్ళయిందా, డేట్ ఎప్పుడొచ్చింది, ఇంతకుముందు అబార్షన్లేమైనా ఉన్నాయా" అని గట్టిగా అడగతా ఉంది, అందరూ వింటా ఉన్నారు, మా పిల్ల తల దించుకుని ఏదో ఒక తేదీ చెప్పేసింది, అది తప్పని లోపల మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. మాకంటే ముందు వచ్చిన ఒకామెకు ఏం టెస్టు రాసినారో హాలంతా తెలిసిపోయింది. రద్దీ ఎక్కువైతే ఇంకా ఘోరం, లోపల పేషెంటు లేవకముందే తర్వాత టోకెన్ వాళ్ళను తీసుకుపోయి అదే రూములో స్టూల్ మీద కూర్చోబెడతారు. డాక్టరమ్మ అంత జాగ్రత్త తీసుకుని ఏం లాభం?

రిపోర్టు సంగతికి నాకు ఇంకా బాధ. ల్యాబ్ వాళ్ళు వాట్సాప్‌లో పంపినారు, ఎవరికి? ఫైల్ మీద ఉండే ఇంటి నంబరుకి, అంటే మా ఆయన ఫోన్‌కి. అందులో ఏమీ లేదు, నార్మల్. ఉండి ఉంటే? పద్దెనిమిది దాటిన పిల్ల, తన రిపోర్టు ముందు తను చూసుకోవాల, ఎవరికి చెప్పాలో తను అనుకోవాల.

రిసెప్షన్లో ఇది అడిగితే "ఇక్కడ అంతా ఇట్లేనమ్మా" అన్నారు. అంతా ఇట్లే ఉంటే అంతా మార్చాల. 2002 లో మెడికల్ కౌన్సిల్ పెట్టిన రూల్స్‌లోనే పేషెంటు సంగతులు డాక్టరు బయట పెట్టకూడదని ఉంది, కోర్టు అడిగినప్పుడో, వేరేవాళ్ళకి ప్రమాదం ఉన్నప్పుడో, సర్కారుకి తెలియజేయాల్సిన జబ్బులకో తప్ప. అబార్షన్ చట్టంలో 2021 లో మార్పు చేసి, అబార్షన్ చేయించుకున్న ఆడమనిషి పేరు, వివరాలు డాక్టరు బయటపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అని పెట్టినారు. అంత గట్టి రూల్ ఉండే విషయాన్ని హాల్లో అరిచి అడగొచ్చా?

ఒకటి మాత్రం హాస్పిటల్ వైపు నుంచి చెప్పాల. గర్భంతో ఉన్నప్పుడు స్కాన్‌కి పోతే ఎంతమంది పిల్లలు, ఆడా మగా, భర్త పేరు అన్నీ రాసుకుని సంతకం పెట్టించుకుంటారు, కొందరు ఆయమ్మలతో గొడవ పడతా ఉంటారు. అది ఫారం ఎఫ్, కడుపులో బిడ్డ ఆడా మగా చెప్పకూడదనే 1994 చట్టం కింద నింపి తీరాల్సిందే, దానికి వాళ్ళను తిట్టొద్దు. అయితే అది కూడా ఒక పక్కకి పిలిచి అడగొచ్చు.

మందుల షాపు బాగుంది, కవర్లో వేసి చీటీ మీద రాసి ఇస్తారు. పార్కింగ్ లేదు. శుభ్రత పర్వాలేదు.

మళ్ళీ పోతామా అంటే పోతాం, ఆ డాక్టరమ్మ కోసం. యాజమాన్యం ఇది చదివితే, ఆ బీపీ టేబుల్‌కి ఒక కర్టెన్ కట్టండి, అప్పటి దాకా ఆ ప్రశ్నలు పేపర్లో ఇచ్చి టిక్ పెట్టించుకోండి, ఒకరు బయటికి వచ్చినాకే ఇంకొకరిని పంపండి. పోయేవాళ్ళు హాల్లో అడిగితే "డాక్టర్ గారికే చెప్తా" అనండి, మా పిల్ల రెండోసారి అట్లే అనింది, వాళ్ళేమీ అనలేదు. ఇంకా, ఫైల్ మీద ఎవరి నంబరుందో ముందే చూసుకుని మీది పెట్టించుకోండి, ఆ మార్పు బిల్లింగ్ కౌంటర్లోనే చేస్తారు, ల్యాబ్ దగ్గర చేయరు.